ఫార్మాట్ కొట్టించే ముందు: ఇంటి సిస్టమ్‌లోంచి స్పైవేర్, మాల్‌వేర్ తీసే పద్ధతి

కంప్యూటర్ మొరాయించగానే ఒంగోలు, నెల్లూరు వైపు ముందు వినిపించే సలహా ఒక్కటే: "ఫార్మాట్ కొట్టించెయ్, పోద్ది." సీపీయూని బండి మీద పెట్టుకుని షాపుకి తీసుకెళ్తారు. సాయంత్రానికి కొత్త విండోస్‌తో ఇంటికి తెస్తారు. పది రోజులకు మళ్లీ అదే వరస. ఎందుకంటే చాలాసార్లు ఫార్మాట్ అయ్యేది సీ డ్రైవ్ ఒక్కటే. డీ డ్రైవ్‌లో దాచుకున్న క్రాక్ సెటప్ (కొనకుండా వాడుకునేలా లైసెన్సు తాళం పగలగొట్టిన సాఫ్ట్‌వేర్) అలాగే ఉంటుంది. సొరుగులో ఉన్న పెన్‌డ్రైవ్ అలాగే ఉంటుంది. క్రోమ్‌లో సైన్ ఇన్ అవగానే పాత ఎక్స్‌టెన్షన్ సింక్ అయి మళ్లీ దిగుతుంది. ఇక అప్పటికే బయటికి పోయిన పాస్‌వర్డ్‌లను ఏ ఫార్మాటూ వెనక్కి తేలేదు.

అందుకని పని క్రమం మార్చుకోండి. ముందు నెట్ తీసేయడం, తర్వాత పాస్‌వర్డ్‌లు మార్చడం, ఆ తర్వాత స్కాన్, ఆపైన అది తిరిగొచ్చే దారులన్నీ మూయడం. విండోస్ 10, 11 ఉన్న సిస్టమ్‌కి ఒక పూట పడుతుంది. పాత హార్డ్ డిస్క్ అయితే రాత్రంతా స్కాన్‌కి వదిలేయాల్సి రావచ్చు.

అసలది వైరసేనా?

మే నెల మధ్యాహ్నం ఫ్యాన్ గోల పెడుతూ సిస్టమ్ నెమ్మదించిందంటే ముందు వేడినే అనుమానించండి. చీమకుర్తి చుట్టుపక్కల ఇళ్లలో గ్రానైట్ పొడి ప్రాసెసర్ ఫ్యాన్ కింద రెక్కల మధ్య మెత్తగా పేరుకుపోతుంది. పవర్ తీసేసి, సైడు డోరు విప్పి, పెయింటింగ్ బ్రష్‌తో దులిపితే సగం కేసులు అక్కడే తేలిపోతాయి. హార్డ్ డిస్క్ మీద విండోస్ 10 నడుస్తుంటే ఆన్ చేసిన మొదటి పది నిమిషాలు డిస్క్ 100 శాతం చూపించడం కూడా మామూలే. దానికి మందు ఎస్‌ఎస్‌డీ, యాంటీవైరస్ కాదు.

దొంగచాటుగా క్రిప్టో కరెన్సీ తవ్వే మైనర్లు మాత్రం ఒక గుర్తు వదులుతాయి. ఏ పనీ చేయకపోయినా ఫ్యాన్ హోరెత్తుతుంటుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. తెరిచిన కొద్ది సెకన్లకే సీపీయూ వాడకం 90 నుంచి 5కి జారిపోయి, ఫ్యాన్ సద్దుమణిగి, టాస్క్ మేనేజర్ మూయగానే మళ్లీ హోరు మొదలైతే అది వేడి కాదు. టాస్క్ మేనేజర్‌ని చూసి నక్కడం చాలా మైనర్లకు అలవాటు.

గడియారం పైన కుడి మూలన "మీ పీసీలో 5 వైరస్‌లు ఉన్నాయి, యాంటీవైరస్ గడువు తీరింది" అని వచ్చే డబ్బాలను దగ్గరగా చూడండి. డబ్బా తలమీద క్రోమ్ లేదా ఎడ్జ్ పేరు, దాని పక్కనో కిందనో బూడిద రంగు చిన్న అక్షరాల్లో ఏదో సైటు చిరునామా కనిపిస్తుంది. అది మీ యాంటీవైరస్ మాట కాదు. ఎప్పుడో సినిమా డౌన్‌లోడ్ సైటులో "అలౌ" నొక్కినందుకు ఆ సైటు పంపుతున్న నోటిఫికేషన్. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్‌కి వెళ్లి తెలియని సైట్లన్నీ తీసేస్తే ఆగిపోతుంది. దానికి ఫార్మాట్ అక్కర్లేదు.

తెర మొత్తం ఎర్రగా మారి, సైరన్ మోగుతూ "మైక్రోసాఫ్ట్‌కి ఫోన్ చేయండి" అని నంబరు చూపించేది కూడా వట్టి వెబ్ పేజీయే. ఎస్కేప్ కీని కాసేపు నొక్కి పట్టుకుంటే ఫుల్ స్క్రీన్ పోతుంది. కదలకపోతే టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని ఎండ్ టాస్క్ చేయండి. మళ్లీ తెరిచినప్పుడు "పాత పేజీలు రీస్టోర్ చేయాలా" అని అడిగితే వద్దనండి. ఆ నంబరుకి ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన రిమోట్ యాప్ (దూరం నుంచే మీ సిస్టమ్‌ను నడపనిచ్చేది) ఎక్కించి ఉంటే మాత్రం కింద చెప్పేదంతా మీకు అవసరమే.

నిజంగా భయపడాల్సినవి ఇవి. విండోస్ సెక్యూరిటీ తెరుచుకోకపోవడం, లేదా విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఆన్ చేసిన మరుక్షణం ఆఫ్ అవడం. గూగుల్‌లో వెతికితే ఇంకేదో పేరున్న పేజీ మీదుగా పోవడం. మీరు పంపని మెసేజ్‌లు మీ ఫేస్‌బుక్ నుంచి బంధువులకు వెళ్లడం. పెన్‌డ్రైవ్ పెట్టగానే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారడం. ఇంటి కంప్యూటరే అయినా బ్రౌజర్ "మీ సంస్థ నిర్వహిస్తోంది" అనడం. కొన్ని మామూలు సాఫ్ట్‌వేర్లు కూడా ఈ చివరి మాట రప్పిస్తాయి కాబట్టి అదొక్కటే కనిపిస్తే కంగారు వద్దు. తక్కినవాటిలో ఏ ఒక్కటి కనిపించినా పని మొదలుపెట్టండి.

నెట్ తీసేయండి, ఫోన్ అందుకోండి

కేబుల్ ఉంటే పీకేయండి, వైఫై ఉంటే ఆఫ్ చేయండి. స్పైవేర్ మీ సమాచారం పంపాలన్నా, కొత్త ఆజ్ఞలు తెచ్చుకోవాలన్నా నెట్ కావాలి.

ఇప్పుడు పాస్‌వర్డ్‌లు. వీటిని ఆ కంప్యూటర్‌లో మార్చకండి. మీరు నొక్కే ప్రతి కీనీ రాసుకునే కీలాగర్ ఉంటే కొత్త పాస్‌వర్డ్ కూడా దాని చేతికే వెళ్తుంది. ఫోన్‌లోనో వేరే ఇంట్లోని సిస్టమ్‌లోనో మార్చండి. మొదట జీమెయిల్, ఎందుకంటే మిగతా అన్నిటి రీసెట్ లింకులూ అక్కడికే వస్తాయి. తర్వాత నెట్ బ్యాంకింగ్, ఆ తర్వాత ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, షాపింగ్ సైట్లు.

పాస్‌వర్డ్ మార్చడంతో సరిపోదు. ఇప్పటి దొంగ ప్రోగ్రాములు బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లతో పాటు కుకీలనూ ఎత్తుకుపోతాయి. కుకీ అంటే మీరు ఓటీపీ కొట్టి లోపలికి వచ్చాక సైటు ఇచ్చే ప్రవేశ చీటీ లాంటిది. ఆ చీటీ ఉన్నవాడికి ఓటీపీ అడ్డురాదు. కాబట్టి గూగుల్ ఖాతాలో సెక్యూరిటీ, యువర్ డివైసెస్‌కి వెళ్లి తెలియని పరికరాలన్నీ సైన్ అవుట్ చేయండి. టూ స్టెప్ వెరిఫికేషన్ లేకపోతే పెట్టండి. ఫోన్ వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి అన్నీ లాగ్ అవుట్ చేయండి. టెలిగ్రామ్‌లో కూడా డివైసెస్‌లోకి వెళ్లి మిగతా సెషన్లన్నీ ముగించండి.

ఖాతాలోంచి డబ్బు పోయి ఉంటే ఇవన్నీ పక్కనపెట్టి ముందు 1930కి ఫోన్ చేయండి, వెంటనే బ్యాంకుకి చెప్పండి. దొంగ దాన్ని వేరే ఖాతాల్లోకి దాటించేలోపే ఆపగలగాలి, కాబట్టి ఇక్కడ ప్రతి నిమిషమూ విలువైనదే. ఆ తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు రాయండి. స్క్రీన్‌షాట్లు, మెసేజ్‌లు తీసి ఉంచేవరకూ సిస్టమ్‌లో దేన్నీ తుడవకండి.

స్కాన్‌కి ముందు కంటితో చూడాల్సినవి

సెట్టింగ్స్‌లో యాప్స్ తెరిచి, ఇన్‌స్టాల్ అయిన తేదీ ప్రకారం వరసలో పెట్టండి. ఇబ్బంది మొదలైన రోజు, దానికి ముందు రెండు రోజులు ఏమేం వచ్చాయో చూడండి. పీడీఎఫ్ కన్వర్టర్లు, డ్రైవర్ అప్‌డేటర్లు, "పీసీ క్లీనర్లు", మీరు ఎక్కించని వీపీఎన్‌లు, మీరు వాడని రిమోట్ యాప్‌లు అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఎనీడెస్క్ వంటివి తప్పుడు సాఫ్ట్‌వేర్ కాదు, చాలా యాంటీవైరస్‌లు వాటిని పట్టుకోవు. అందుకే మోసగాళ్లకు అవంటే ఇష్టం. వాటిని మీ కన్నే పట్టాలి.

తర్వాత విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, మేనేజ్ సెట్టింగ్స్, చివరలో ఎక్స్‌క్లూజన్స్. ఈ పేజీని చూడకుండా స్కాన్ చేయడం వృథా. ఎక్స్‌క్లూజన్ అంటే "ఈ ఫోల్డర్ జోలికి పోవద్దు" అని డిఫెండర్‌కి ఇచ్చిన ఆదేశం. క్రాక్ చేసిన ఫోటోషాప్‌నో, పేజ్‌మేకర్‌నో, విండోస్ యాక్టివేటర్‌నో (కొనకుండానే విండోస్‌ను లైసెన్సు ఉన్నట్టు నడిపించేది) ఎక్కించేటప్పుడు "యాంటీవైరస్ ఆపేసి రన్ చేయండి" అని సూచన ఉంటుంది చూడండి, ఆ సందులోనే ఇవి ఒక్కోసారి సీ డ్రైవ్ మొత్తాన్ని ఎక్స్‌క్లూజన్‌లో రాసేస్తాయి. ఆపైన డిఫెండర్ ఎన్నిసార్లు వెతికినా "నో కరెంట్ థ్రెట్స్" అనే చెబుతుంది. జాబితాలో ఉన్నవన్నీ తీసేయండి. అదే పేజీలో, ఇతర ప్రోగ్రాములు డిఫెండర్‌ను ఆపకుండా అడ్డుకునే టాంపర్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి, లేకపోతే ఆన్ చేయండి.

గడువు తీరిన యాంటీవైరస్ ఏదైనా మిగిలి ఉంటే అన్‌ఇన్‌స్టాల్ చేయండి. అది పోయాక డిఫెండర్ తనంతట తానే ఆన్ అవుతుంది. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి కాపలా కాస్తే భద్రత రెట్టింపు కాదు. ఒకదాని పనిని ఇంకొకటి అనుమానించి సిస్టమ్‌ను నిలబెట్టేస్తాయి.

స్కాన్ చేసే వరస

పాస్‌వర్డ్‌లు మార్చేశారు కాబట్టి ఇప్పుడు పది నిమిషాలు నెట్ కలపొచ్చు. ఆ కాసేపు ఎందులోనూ లాగిన్ కావొద్దు. డిఫెండర్‌లో చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కి కొత్త వైరస్ గుర్తుల జాబితా తెచ్చుకోండి. మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్, మాల్‌వేర్‌బైట్స్ వారి యాడ్‌డబ్ల్యూక్లీనర్ కూడా దించుకోండి. ఈ పేర్లు గూగుల్‌లో కొడితే మొదట వచ్చే ప్రకటనల లింకులు నొక్కకండి, ఆ కంపెనీల సొంత సైట్ల నుంచే తీసుకోండి. సేఫ్టీ స్కానర్ దించిన 10 రోజులకు పనిచేయడం మానేస్తుంది, కాబట్టి పాత కాపీ దాచుకుని ప్రయోజనం లేదు. మన దేశంలో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్ర 2017 నుంచి బాట్‌లను (మీ సిస్టమ్‌ను దూరం నుంచి ఆడించే ప్రోగ్రాములు) తొలగించే టూల్స్ ఉచితంగా ఇస్తోంది. సీఎస్‌కే డాట్ గవ్ డాట్ ఇన్‌లో దొరుకుతాయి. అన్నీ దిగాక నెట్ మళ్లీ తీసేయండి.

1. ముందు ఆఫ్‌లైన్ స్కాన్. వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో స్కాన్ ఆప్షన్స్ తెరిచి, మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. సిస్టమ్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది. సుమారు 15 నిమిషాలు పడుతుంది. మామూలు స్కాన్‌లో మాల్‌వేర్ కూడా మేలుకుని ఉంటుంది, దాక్కోగలదు, అడ్డుపడగలదు. ఇక్కడ అది నిద్రలోనే దొరుకుతుంది.

2. తర్వాత ఫుల్ స్కాన్. డీ, ఈ డ్రైవ్‌లు కూడా ఇందులో వస్తాయి.

3. ఆపైన సేఫ్టీ స్కానర్‌ను ఒకసారి నడపండి. డిఫెండర్ తనే పాడైన చోట ఇది పనికొస్తుంది.

4. చివర యాడ్‌డబ్ల్యూక్లీనర్. బ్రౌజర్‌ను పట్టి ప్రకటనలు గుప్పించే యాడ్‌వేర్‌కి ఇది మంచి మందు, రెండు మూడు నిమిషాల పని.

ఆఫ్‌లైన్ స్కాన్ మొదలుపెట్టేముందు రెండు జాగ్రత్తలు. డెస్క్‌టాప్‌కి యూపీఎస్ లేకపోతే కరెంటు కోత వేళ చూసుకుని పెట్టుకోండి. లాప్‌టాప్ అయితే ఛార్జర్ తగిలించి ఉంచండి. రెండోది, చాలా కొత్త విండోస్ 11 లాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే డిస్క్‌కి వేసే తాళం, ముందే ఆన్ అయి ఉంటుంది. ఒక్కోసారి రీస్టార్ట్‌లో 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ముందే ఫోన్‌లో తెరిచి కాగితం మీద రాసుకోండి.

డిఫెండర్ తెరుచుకోనే తెరుచుకోకపోతే సేఫ్ మోడ్‌లోకి వెళ్లండి. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, ఆపైన 4 అంకె. అక్కడ చాలావరకు మాల్‌వేర్ లేవదు. సేఫ్టీ స్కానర్‌ని అక్కడ నడపండి.

ఏం దొరికిందో ప్రొటెక్షన్ హిస్టరీలో చదవండి. పేరులో యాడ్‌వేర్, పీయూఏ (అక్కర్లేని ప్రోగ్రాము) అని ఉంటే పెద్ద చిక్కు కాదు. స్టీలర్ (పాస్‌వర్డ్‌ల దొంగ), బ్యాక్‌డోర్ (దొడ్డిదారి), రిమోట్ యాక్సెస్ సూచించే ర్యాట్ వంటి మాటలు కనబడితే పాస్‌వర్డ్‌లు పోయాయనే లెక్క.

తిరిగొచ్చే దారులు

స్కాన్ ఫైలును తీస్తుంది గాని, ఆ ఫైలును మళ్లీ తెచ్చే ఏర్పాటును ఒక్కోసారి వదిలేస్తుంది. ప్రతి రీస్టార్ట్‌కీ అదే పేరుతో అదే వైరస్ దొరుకుతోందంటే కారణం ఇదే.

టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ భాగం తెరవండి. తెలియని పేరు మీద రైట్ క్లిక్ చేసి ఓపెన్ ఫైల్ లొకేషన్ నొక్కండి. యాప్‌డేటాలో రోమింగ్, టెంప్ ఫోల్డర్లలోనో, పబ్లిక్ ఫోల్డర్‌లోనో, అర్థంలేని అక్షరాల ఫోల్డర్‌లోనో ఉంటే అనుమానించండి. ఎస్‌వీసీహోస్ట్ అనే పేరు విండోస్ సొంత ప్రోగ్రాముదే, కానీ అది ఉండాల్సింది విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32లోనో, సిస్‌వావ్64లోనో. అదే పేరు టెంప్‌లో కనబడితే దొంగే.

తర్వాత స్టార్ట్ మెనూలో టాస్క్ షెడ్యూలర్ అని వెతికి తెరవండి. టాస్క్ షెడ్యూలర్ లైబ్రరీలో ఒక్కో టాస్క్ మీద నొక్కి కింద యాక్షన్స్ చూడండి. ప్రతి పది నిమిషాలకో, లాగిన్ అయినప్పుడల్లానో పవర్‌షెల్‌ను (ఆజ్ఞలు నడిపే విండోస్ సొంత ప్రోగ్రాము) గజిబిజి అక్షరాల బారు తోకతో నడిపే టాస్క్ ఉంటే ముందు డిజేబుల్ చేయండి, రెండు రోజులు చూసి డిలీట్ చేయండి. నేరుగా డిలీట్ చేస్తే, ఒకవేళ అది ప్రింటర్‌దో ఇంకో పనికొచ్చేదో అయితే వెనక్కి తెచ్చుకోలేరు.

కొంచెం చేయి తిరిగినవారికి మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్ వారి ఆటోరన్స్ ఉత్తమం. ఆప్షన్స్‌లో హైడ్ మైక్రోసాఫ్ట్ ఎంట్రీస్ టిక్ చేస్తే విండోస్ సొంతవి పోయి చూడాల్సినవి కొన్నే మిగులుతాయి. ఇందులో కూడా ముందు టిక్ తీయడం, తర్వాతే చెరపడం.

బ్రౌజర్‌లో తెలియని ఎక్స్‌టెన్షన్లు తీసేసి, సెట్టింగ్స్‌లోని రీసెట్ నొక్కండి. బుక్‌మార్కులు పోవు. అన్నీ అయ్యాక నెట్ కలిపితే పేజీలు తెరుచుకోకపోతే కంగారుపడకండి. మీ నెట్‌ను తన గుండా నడిపించుకున్న మాల్‌వేర్ పోయింది గాని, ఆ దారి మలుపు మిగిలింది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ప్రాక్సీ, మాన్యువల్ ప్రాక్సీ ఆఫ్ చేస్తే నెట్ వస్తుంది. ఇంట్లో ఫోన్లలో కూడా పేజీలు దారి తప్పుతుంటే దోషం రూటర్‌లో ఉండొచ్చు. దాన్ని రీసెట్ చేసి అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాలి.

పెన్‌డ్రైవ్ సంగతి

పిల్లల ప్రాజెక్టు ప్రింట్‌కో, ఆధార్ జిరాక్సుకో షాపుకి వెళ్లిన పెన్‌డ్రైవే ఇంటికి వైరస్‌ను మోసుకొస్తుంది. అది చేసే పని ఇది: మీ అసలు ఫోల్డర్‌ను దాచేసి, అదే పేరుతో ఒక షార్ట్‌కట్ పెడుతుంది. మీరు దాన్ని నొక్కగానే ముందు వైరస్ నడుస్తుంది, వెంటనే మీ ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది. ఫోటోలు కనిపిస్తాయి కాబట్టి అనుమానం రాదు. కొన్ని రకాలు ఫైళ్లన్నిటినీ పేరే లేని ఒక ఫోల్డర్‌లోకి నెట్టేస్తాయి. "ఫైళ్లన్నీ పోయాయి" అని వెంటనే ఫార్మాట్ చేసేవారు అక్కడే నష్టపోతారు. ఫైళ్లు ఎక్కడికీ పోలేదు.

సిస్టమ్ శుభ్రపడ్డాకే పెన్‌డ్రైవ్ పెట్టండి. దిస్ పీసీలో దాని మీద రైట్ క్లిక్ చేసి డిఫెండర్‌తో స్కాన్ చేయండి. వ్యూలో హిడెన్ ఐటెమ్స్, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ రెండూ టిక్ చేయండి. ఫోల్డర్ ఆప్షన్స్‌లో హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్ టిక్ తీయండి. అసలు ఫోల్డర్లు వెలిసిన రంగులో కనిపిస్తాయి. మూలన చిన్న బాణం గుర్తున్నది షార్ట్‌కట్, దాన్ని నొక్కొద్దు. లోపలి ఫోటోలు, పీడీఎఫ్‌లు, వర్డ్ ఫైళ్లు మాత్రమే కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేయండి. ఇంట్లో ఉన్న ప్రతి పెన్‌డ్రైవ్‌కీ, మెమరీ కార్డుకీ ఇదే పని. ఒక్కటి వదిలినా మళ్లీ మొదటికొస్తుంది. పని అయ్యాక ప్రొటెక్టెడ్ ఫైల్స్ టిక్ మళ్లీ పెట్టండి. ఎక్స్‌టెన్షన్స్ మాత్రం ఎప్పటికీ కనిపించేలా ఉంచండి. "బిల్లు డాట్ పీడీఎఫ్" అనిపించే ఫైలు చివర "డాట్ ఈఎక్స్‌ఈ" ఉందో లేదో అప్పుడే తెలుస్తుంది.

ఫార్మాట్ ఎప్పుడు తప్పదు

స్టీలర్ గానీ బ్యాక్‌డోర్ గానీ దొరికితే, రెండుసార్లు తీసినా తిరిగొస్తే, ఎవరికో రిమోట్‌లో సిస్టమ్ అప్పగించి ఉంటే ఫార్మాటే సరి. ఇంకొకటి ఇటీవల ఎక్కువైంది. "నేను రోబోను కాదు" అని నిరూపించుకోమంటూ విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కమని, తర్వాత కంట్రోల్, వి నొక్కి ఎంటర్ కొట్టమని ఒక పేజీ చెబుతుంది. నిజమైన క్యాప్చా ఎక్కడా అలా అడగదు. అలా చేశారంటే దొంగ ప్రోగ్రామును మీ చేతులతోనే నడిపించినట్టు. స్కాన్‌లో ఏమీ దొరక్కపోయినా ఫార్మాట్ చేయండి.

ఫోటోలు, పత్రాలు వేరే డ్రైవ్‌కి కాపీ చేసుకోండి. ఈఎక్స్‌ఈ, ఎంఎస్ఐ, బ్యాట్, వీబీఎస్, షార్ట్‌కట్ ఫైళ్లు, జిప్‌లలో దాచిన పాత సెటప్‌లు ఏవీ తీసుకోవద్దు. తర్వాత సెట్టింగ్స్‌లో రికవరీ, రీసెట్ దిస్ పీసీ, రిమూవ్ ఎవ్రీథింగ్, క్లౌడ్ డౌన్‌లోడ్. ఇది 4 జీబీకి పైగా డేటా దించుతుంది కాబట్టి ఫోన్ హాట్‌స్పాట్ మీద మొదలుపెట్టకండి. ఏ డ్రైవ్‌లు తుడవాలని అడిగినప్పుడు "అన్నీ" ఎంచుకోండి.

షాపులో చేయిస్తే రెండు మాటలు ముందే చెప్పండి. డీ డ్రైవ్‌తో సహా అన్నీ తుడవాలి, మైక్రోసాఫ్ట్ సైటు నుంచి తెచ్చిన విండోసే వేయాలి. యాక్టివేటర్‌తో కలిపి ఇచ్చే విండోస్ వేస్తే, డబ్బిచ్చి ఇంకో దొంగను లోపల కూర్చోబెట్టుకున్నట్టే. కొన్నప్పుడే అసలు విండోస్‌తో వచ్చిన లాప్‌టాప్ అయితే కొత్తగా వేసినా నెట్ కలవగానే లైసెన్సు దానంతటదే గుర్తుకొస్తుంది. కీ కోసం మళ్లీ డబ్బు కట్టక్కర్లేదు.

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. మీ సిస్టమ్ 11కి సరిపోతే ఈ సందులోనే మారండి. సరిపోక, బ్రౌజింగ్‌కీ పిల్లల చదువుకీ మాత్రమే అయితే విండోస్ బదులు వేసుకునే ఉచిత లినక్స్ మింట్ ఆలోచించండి. 4 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది.

ఫైళ్లన్నిటి చివర వింత తోక చేరి, డబ్బు అడిగే నోటు కనిపిస్తే అది రాన్సమ్‌వేర్. అప్పుడు ఫార్మాట్ చేయకండి. నెట్ తీసి, లాక్ అయిన ఫైళ్లనూ ఆ నోటునూ కలిపి వేరే డ్రైవ్‌లో దాచండి. 2016లో యూరోపోల్, డచ్ పోలీసులు మొదలుపెట్టిన నో మోర్ రాన్సమ్ సైటులో కొన్ని రకాలకు ఉచిత తాళంచెవులు ఉన్నాయి. ఈ రోజు దొరకని తాళంచెవి కొన్ని నెలలకు దొరికిన సందర్భాలున్నాయి, కాబట్టి ఆ డ్రైవ్‌ను పారేయొద్దు.

సిస్టమ్ శుభ్రపడ్డాక రెండు ఖాతాలు పెట్టండి. అడ్మినిస్ట్రేటర్ ఖాతా మీ దగ్గర పాస్‌వర్డ్‌తో ఉండాలి. రోజూ అందరూ వాడేది స్టాండర్డ్ ఖాతా కావాలి. పిల్లవాడు గేమ్ క్రాక్ నొక్కితే, అది సిస్టమ్ మొత్తాన్ని మార్చబోయినప్పుడు అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగి ఆగిపోతుంది. విండోస్ సెక్యూరిటీలో యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్, అందులో రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్ తెరిచి అన్నీ ఆన్ చేయండి. షాపుకి ఇచ్చే పెన్‌డ్రైవ్‌ను విడిగా ఉంచుకోండి, లేదా ప్రింట్ కావాల్సిన పీడీఎఫ్‌ను ఫోన్ నుంచే మెయిల్ చేయండి. వారం తర్వాత ఒకసారి ప్రొటెక్షన్ హిస్టరీ, ఎక్స్‌క్లూజన్స్, స్టార్టప్ ఈ మూడూ తెరిచి చూడండి. ఎక్స్‌క్లూజన్స్‌లో మీరు రాయని పేరు ఒక్కటి కనిపించినా మళ్లీ నెట్ తీసి మొదటి మెట్టు నుంచి రండి.